కంప్యూటర్‌కు ఆటోస్టార్టర్

మొన్న ఐతారం నాడు మా ఇంటి ముంగట నా ఇజ్జత్ పోయింది. ఉత్తగ పోలే. పెద్ద బాక్సులల్ల, ఎకో పెట్టి, రాగం కలిపి మరీ పోయింది. మీరు చాయ్ తాగుండ్రి, నేను చెప్త. మధ్యల నవ్వితే చాయ్ ముక్కులకెక్కుతది, మల్ల నన్ననొద్దు.

మా స్వప్న సంగతి మీకు ఎరుకే. ఎరుక లేనోళ్లకు చెప్తున్న. నాకు ఒక్కతే బిడ్డ. డిగ్రీ అయినంక పాలకుర్తిల ఒక ఫొటో స్టూడియోల కూసున్నది. పెండ్లి వీడియోలకు పాటలు అతికిచ్చుడు నేర్చుకున్నది. అతికిచ్చీ అతికిచ్చీ, ఎవరియో పాటలు మనమెందుకు అతికియ్యాలె, మనమే చేద్దామన్నది. ఇప్పుడు ఇంటికాడనే చేస్తది. పెండ్లి పాటలు, పుట్టెంట్రుకల పాటలు, బతుకమ్మ పాటలు. ఇండ్లోళ్ల పేర్లు పెట్టి చేస్తది. పెండ్లికొడుకు పేరు, వాళ్ల నాయిన పేరు, మేనమామ పేరు, బావ పేరు. బరాత్‌ల ఆ పాట పెట్టిండ్రనుకో, ఎవని పేరు వస్తే వాడు ముంగటికొచ్చి ఎగురుతడు. గంతే పని. ఆ పనికి గిరాకి బాగనే ఉన్నది.

దానికి కంప్యూటర్ గావాలె. దుకాణంల డబ్బతోని అమ్మేది పనికి రాదట. డోలొక దిక్కు, డప్పొక దిక్కు, సన్నాయొక దిక్కు, అన్నీ ఒక్కపారి మొయ్యాలె, మామూలుది మొయ్యదు, కూలవడ్తది అన్నది. మానుకోటల సుధాకర్ అని ఒకాయన ఉన్నడు. ముక్క ముక్క తెప్పిచ్చి, మనకెట్ల గావాల్నో అట్ల బిగిచ్చిస్తడు. మా ఆయన పోయినంక బండీ ఎడ్లూ ఇంట్ల ఉత్తగనే ఉన్నయ్. నడిపేటోడు లేడు, మేపుడు నాకు దండుగ. అమ్మేసిన. ఎడ్లు పోయి కంప్యూటర్ వచ్చింది. ఇది గడ్డి తినది, పెండ వెయ్యది. పసుపు పెట్టి, బొట్టు పెట్టి, నిమ్మకాయ కట్టిన. నిమ్మకాయ లోపల ఫ్యానుకు తాకుతదని సుధాకర్ ఇప్పేయించిండు. బొట్టు మాత్రం ఉన్నది.

ఇప్పుడు ఇల్లు ఎట్లుంటదో చెప్త, ఇది తెల్వకపోతే తర్వాత ముచ్చట అర్థం కాదు. వెనుక చిన్నర్ర ఉన్నది గదా, పత్తి పోసుకునేది. దాన్ని స్వప్న మైకు అర్ర చేసింది. గోడలకు, తలుపుకు, అన్నిటికీ బొంతలు కట్టింది. బయటి చప్పుడు లోపలికి రాదు, లోపలి చప్పుడు బయటికి పోదు. అండ్ల ఫ్యాను లేదు. ఫ్యాను తిరిగితే మైకు ఆ గాలిని కూడ పాట అనుకుంటదట. ఒక కుర్చీ, దాని ముంగట మైకు, గంతే. కంప్యూటర్ నడిమి అర్రల ఉంటది. పాట ఇనే బాక్సులు మాత్రం ముంగట వరండాల పెట్టింది, పొడుగు వైరు గుంజి. ఎందుకంటే గిరాకీ వచ్చేది ఒక్కలిద్దరు కాదు. పెండ్లి పాట ఇంటానికి పెండ్లిల ఉన్నంత మంది వస్తరు.

అంత మంచిగనే ఉన్నది. ఒక్క బీమారి పట్టుకున్నది. పాట పెడ్తే మధ్య మధ్యల టిక్కు మంటది. డోలు కొట్టంగ కొట్టంగ టిక్. సన్నాయి గుంజంగ గుంజంగ టిక్, టిక్. బియ్యంల రాళ్లొచ్చినట్టు. ఊర్లోళ్లయితే సదురుకున్నరు. కానీ పెద్దవంగర నుంచి ఒక ఆర్డర్ వచ్చింది. మన మండలం బయటి నుంచి వచ్చిన మొదటి ఆర్డర్. పెండ్లికొడుకు నాయిన లింగయ్య అని, మంచి ఆసామి. ఆయనకు చుట్టాలు ఒక ఊరు కాదు, తొర్రూరు దాక ఉన్నరు. వాళ్లకు పాట నచ్చిందంటే ఇగ ఆ దిక్కు పెండ్లిళ్లన్నీ మా వాకిట్లకే వస్తయ్. నచ్చకపోతే ఆ దిక్కు తలుపు మూసినట్టే. మా బిడ్డ అన్నం సక్కగ తినలే ఆ వారం. ఐతారం వచ్చి ఇంటమన్నరు. ఆ టిక్కు పోవాలె.

సుధాకర్‌కు ఫోన్ చేసింది. ఆయన, మానుకోట దాక మోసుకొస్తే మీకే తిప్పలు, ఫోన్ల బొమ్మ కనవడేటట్టు వీడియో పెట్టుండ్రి నేను చెప్త అన్నడు. నేను ఫోను పట్టుకోని తెర ముంగట నిలవడ్డ. నా చెయ్యి గుంజుతున్నది గని ముచ్చట మంచిగున్నది, ఇన్న.

కంప్యూటర్ ఎక్కంగనే డిలీట్ అని ఉన్న బొత్తం టకటక కొట్టాలె. ఆలస్యమైతే రాదు. కొడ్తే ఒక వేరే తెర వస్తది, అంత నల్లగ, తెల్లటి రాతలు. దాన్ని బయాస్ అంటరట. కంప్యూటర్ కళ్లు తెరవకముందే దాని చెవుల చెప్పే మాటలన్నట్టు. సుధాకర్ మంచిగ చెప్తడు. నాకు చదువు ఐదో తరగతి దాకనే అయినా, ఆయన చెప్తే అర్థమైంది. అక్కా, లోపల మెదడుంటది, అది పనికి పనికి మధ్యల కునుకు తీస్తది, కరెంటు మిగులుస్తానికి, అన్నడు. మామూలు పనికైతే మంచిదే. పాటల పనిల అది కునుకు తీసి లేసేటాల్లకు ఒక చప్పుడు జారి పోతది. గదే మీ టిక్కు. ఆ కునుకు బందు పెట్టాలె.

నాకు కోపమొచ్చింది. కలుపు తీసేకాడ సాలు నడుమ కూసునే మనిషి లెక్క ఇన్ని రోజులు ఇది మా ఇంట్ల కునుకులు తీస్తున్నదా అనుకున్న. స్వప్న బాణం గుర్తులతోని కిందికి పోయి, ఆ కునుకు ఉన్న కాడ బందు పెట్టింది. ఇంకోటి, లోపల మెమొరీ ముక్కలు అవి నడవాల్సిన స్పీడుల నడుస్తలేవట, అది ఎక్కిచ్చింది. ఫ్యాన్లు జర మెల్లగ తిరిగేటట్టు చేసింది. ఒక్కొక్కటి చేసుకుంట కిందికి పోతాంటే ఒక కాడ ఆగింది. అన్నా, గిదేంది, అని అడిగింది.

సుధాకర్ నవ్విండు. "గది మన బావికాడ ఆటోస్టార్టర్ లెక్కనే. కరెంటు వచ్చిందంటే ఎవరూ బొత్తం ఒత్తకుండనే కంప్యూటర్ ఎక్కుతది. మనకద్దు, ఇడిసిపెట్టు."

ఆఖరికి ఎఫ్ పది ఒత్తి, అవునంటవా అంటే అవునని ఒత్తింది. కంప్యూటర్ మల్ల ఎక్కింది. పాట పెట్టింది. టిక్కు లేదు. మొత్తం పాట ఇన్నం, ఒక్కటి లేదు. మా బిడ్డ ఆ పూట రెండు సార్లు అన్నం పెట్టిచ్చుకున్నది.

కానీ నా బుర్రల ఆటోస్టార్టర్ కూసున్నది.

ఇగ మీకు ఆటోస్టార్టర్ సంగతి నేను చెప్పేదేంది. మా ఆయన బతికున్నప్పుడు బావి మోటరుకు బిగించిండు. కరెంటు ఎప్పుడొస్తదో ఎవనికెరుక, అది రాంగనే మోటరు దానంతలదే ఎక్కుతది, మనం పండుకున్నా మడి పారుతది. నాకు అది మస్తు నచ్చింది. కానీ ఊరంత గదే బిగించేటాల్లకు కరెంటు రాంగనే అందరి మోటర్లు ఒక్కపారి ఎక్కి ట్రాన్స్‌ఫార్మర్ కాలుడు మొదలైంది. లైన్‌మెన్ ఇంటింటికి తిరిగి పీకేయుండ్రి అన్నడు. పీకిన. అటక మీద పడేసిన. మా ఆయన పోయినప్పటి కన్న ఎక్కువ దానికే బాధ పడ్డ అని మా చెల్లె అంటది. గంత లేదు గని, కొంచెం నిజమే.

స్వప్నకు కంప్యూటర్‌తోని ఒక పెద్ద పని ఉన్నది. కరెంటు పోయొస్తే, పోయి బొత్తం ఒత్తాలె, అది లేవాలె, పాటల సామానంత మీదికెక్కియ్యాలె. అన్నం ఉడికేంత సేపు పడ్తది. పాటలు చేసే డబ్బ, సాఫ్ట్‌వేర్ అంటరట, దానంతలదే తెరుసుకునేటట్టు, ఆఖరికి ఏ పాట చేస్తున్నదో అదే తెరమీదికి వచ్చేటట్టు ఆమె ముందే చేసి పెట్టుకున్నది. ఇగ మిగిలింది బొత్తం ఒత్తుడే. ఐతారం పెద్దవంగరోళ్లు వచ్చినప్పుడు కరెంటు పోతే ఎట్ల. పెద్ద మనుషులు, మేము ఉరికురికి బొత్తాలు ఒత్తుకుంట, వాళ్లు అన్నం ఉడికేంత సేపు గోడలు సూసుకుంట. ఏం బాగుంటది? బ్యాటరీ డబ్బ కొందామని ఎప్పటి సందో అనుకుంటున్నం, కొనలే.

శుక్రవారం నాడు స్వప్న గార్లకు పోయింది. ఆడ ఒకామె మంచిగ పాడ్తది, ఆమె గొంతు పట్టుకొస్తానికి. ఇల్లంత నాదే. నేను కంప్యూటర్ ముంగట కూసున్న.

మొదటిసారి డిలీట్ కొట్టుడు ఆలస్యమైంది, మామూలు తెర వచ్చింది. మల్ల బందు చేసి, మల్ల ఎక్కిచ్చి, ఈసారి ముందు నుంచే కొట్టిన. పిండి దంచినట్టు కొట్టిన. వచ్చింది నల్ల తెర. నాకు ఇంగ్లీషు సదువు రాదు గని, ఆన్, ఆఫ్, పవర్, ఈ మూడు ముక్కలు మోటరు డబ్బ నేర్పింది. బాణం గుర్తు ఒత్తుకుంట కిందికి పోయిన. స్వప్న ఆగిన కాడ నేనూ ఆగిన. పవర్ అని ఉన్నది, పక్కకు ఆఫ్ అని ఉన్నది. ఎంటర్ ఒత్తితే ఆన్ అని కూడ వచ్చింది. పెట్టిన. ఎఫ్ పది. అవునంటవా? అవును.

పని అయినట్టా, కానట్టా, ఎట్ల తెలుస్తది. బావికాడ ఎట్ల సూస్తమో అట్లనే సూసిన. గోడకు ఉన్న స్విచ్చి బందు పెట్టిన, కంప్యూటర్ సచ్చింది. మల్ల స్విచ్చి ఏసిన. ఒక్క చెయ్యి తాకకుండ, గుర్రుమని, దానంతలదే లేసింది. నాకు మోటరు ఎక్కి పైపుల నీళ్లు దుంకినట్టే అనిపిచ్చింది. అటక మీద ఉన్న డబ్బ దిక్కు ఒకసారి సూసిన. స్వప్నకు చెప్పలే. ఐతారం నాడు కరెంటు పోయి వచ్చినప్పుడు అదే సూసి, అమ్మా ఇది ఎవరు చేసిండ్రు అంటది, అప్పుడు చెప్దామనుకున్న.

ఐతారం వచ్చింది. పెద్దవంగరోళ్లు ట్రాలీ ఆటోల దిగిండ్రు. లింగయ్య, పెండ్లికొడుకు, ఇంకొందరు, వాళ్లందరి ముంగట ఒకామె. లింగయ్య అక్క, పెండ్లికొడుకు మేనత్త. యశోదక్క అంటరు. చెప్పులు ఇడ్సుడు కూడ ఆమె ఇడ్సినంకనే మిగితోళ్లు ఇడ్సిండ్రు. లింగయ్యను ఏమడిగినా అక్క దిక్కు సూసి చెప్తడు. చాయ్ తాగుతవా అన్నా అక్క దిక్కే సూసిండు.

పాట పెట్టింది స్వప్న. వరండాల బాక్సులు మోగినయ్. టిక్కు లేదు. పెండ్లికొడుకు పేరు రాంగనే పిలగాడు ఎంట్రుకలు సదురుకున్నడు. అందరి మొకాలు మంచిగున్నయ్. యశోదక్క మొకం ఒక్కటే మంచిగ లేదు. పాట అయిపోయినంక చెప్పింది. ఆమె పేరు ఒక్కపారే వచ్చిందట. పిలగాన్ని సాదింది ఆమె, పెండ్లి కుదిర్చింది ఆమె, పేరు ప్రతి చరణంల రావాలె. అది సరే, అదేమంత పని. ఆఖర్ల ఇంకో మాట అన్నది. ఆ నడుమ చరణం ఎవరో గార్లామె ఎందుకు పాడాలె, నేనే పాడ్త, అన్నది.

స్వప్న నా దిక్కు సూసింది. నేను గోడ దిక్కు సూసిన. ఆమె ఊకుండేటట్టు లేదు. మైకు అర్రలకు తీస్కపోయి కూసోబెట్టింది. యశోదక్క పాడింది. బాక్సులల్ల బయటికి వచ్చింది. ఇగ మీరు బోరింగు కొట్టిండ్రా ఎప్పుడన్న, నూనె పెట్టనిది? గది. వరండాల ఎవరూ ఎవరి మొకం సూసుకోలే. లింగయ్య చెప్పులు లెక్కవెట్టుకున్నట్టు కిందికి సూసిండు. యశోదక్క బయటికి వచ్చి, ఎట్లున్నది అన్నది. స్వప్న తెలివిగల్లది. అత్తమ్మా, ఇది పచ్చి గొంతు, దీనికి ఇంక మేము సెట్టింగు పెడ్తం, అప్పుడు ఇనుండ్రి, అన్నది. పోయి కంప్యూటర్ల ఏదో పెట్టింది. గొంతు అటిటు పోతే దానంతలదే గుంజి రాగంల కూసోబెట్టేది ఒకటున్నది, అది పెట్టింది. ఎకో పెట్టింది. మైకు తెరిచే ఉంచింది, ఆమె మల్ల పాడాలె గదా. అంత సక్కగ పెట్టి, పోకుంట సేవ్ అని ఒత్తి దాచి పెట్టింది.

కరెంటు పోయింది.

ఉక్క. మే నెల లెక్క ఉన్నది. స్వప్న, కూల్‌డ్రింకులు తెస్త అని కిరాణం దిక్కు ఉరికింది. వాళ్లు వరండాల కూసున్నరు, అట్టముక్కలతోని ఇసురుకుంట. నేను కారప్పూస పెట్టిన. అప్పుడు మా చెల్లె పద్మ ఫోన్ చేసింది. భూపాలపల్లిల ఉంటది, మరిది బొగ్గు బాయిల పని చేస్తడు. అది ఫోన్ చేసిందంటే ఊకె పెట్టది, నాకూ పెట్టాలనిపియ్యది. వీళ్ల ముంగట ఏం మాట్లాడుత. ఎటు పోవాలె? లోపలి చప్పుడు బయటికి పోని అర్ర మా ఇంట్ల ఒక్కటే ఉన్నది గదా. పోయి, తలుపేసుకోని, బొంత గుంజుకోని కూసున్న. కుర్చీ ఒక్కటే. మైకు ముంగటిది.

మొదట మంచి చెడ్డ మాట్లాడుకున్నం. వాళ్ల పిల్లల సదువు, దాని మోకాలు నొప్పి, మరిది డ్యూటీలు. గంతసేపట్ల కరెంటు వచ్చిందట. నాకేమెరుక. ఆ అర్రల ఫ్యాను లేదు, లైటు బందున్నది, బొంతల లోపల అమాస చీకటి. కరెంటు రాంగనే నేను పెట్టిన ఆటోస్టార్టర్ పని చేసింది. ఒక్క చెయ్యి తాకకుండ కంప్యూటర్ లేసింది. పాటల డబ్బ దానంతలదే తెరుసుకున్నది. ఆఖరికి ఎట్ల దాచిపెట్టిందో అట్లనే, మైకు తెరిచి, ఎకో పెట్టి, రాగం పెట్టి, తయారైంది. దానికి అన్నం ఉడికేంత సేపు పట్టింది గదా, సరిగ్గ నేను మోకాలు నొప్పి అయిపోగొట్టి అసలు ముచ్చట మొదలువెట్టే టైముకు అందుకున్నది.

"యశోదక్క అని ఒకామె వచ్చింది పద్మా," అంటున్న నేను. "పేరు ప్రతి చరణంల రావాల్నట. ఆమె పెండ్లా, పిలగాని పెండ్లా? యశోదక్క పాడ్తదట. ఆ గొంతు నువ్వింటే భూపాలపల్లి నుంచి నూనె డబ్బ పట్టుకొస్తవు, బోరింగుకు పొయ్యాలె అని. తమ్ముడున్నడు, యశోదక్కను అడగకుంట తుమ్మడు కూడ. పిలగాడు ఎంట్రుకలు సదురుకునుడు ఆపడు. యశోదక్క కారప్పూస గిన్నె వొళ్లె పెట్టుకున్నది, ఎవ్వరికి ఇయ్యది. బిడ్డ ఆర్డర్ అని నవ్వుకుంట కూసున్న గని, నా దౌడలు గుంజుతున్నయ్ పద్మా."

వరండాల ఏమైందో నాకు తర్వాత స్వప్న చెప్పింది. ఆమె కూల్‌డ్రింకులు పట్టుకోని గేటు కాడికి వచ్చేటాల్లకు బాక్సులు మోగుతున్నయట. మొదట వాళ్లు పాటే అనుకున్నరట. ఎందుకంటే నేను మాట్లాడుతుంటే ఆ సెట్టింగు నా మాటలను గుంజి గుంజి రాగంల కూసోబెడ్తున్నది. యశోదక్క అన్నప్పుడల్ల పైకి లేస్తున్నదట, బోరింగు అన్నకాడ కిందికి దిగుతున్నదట. వెనుక ఎకో. జాతరల మైకు లెక్క. ఒక్క టిక్కు లేదట. ఆ ముక్క మా బిడ్డనే చెప్పింది, ఏడ్సుకుంట చెప్పింది. పెండ్లికొడుకు తలకాయ కూడ ఊపిండట కొంచెం సేపు. పేరు ప్రతి చరణంల రావాలన్నది గదా యశోదక్క, ప్రతి మాటకు వచ్చింది.

కారప్పూస గిన్నె ముచ్చట వచ్చినంక గాని వాళ్లకు ఇది పాట కాదని అర్థం కాలేదట.

లోపల నాకు దూరంగ, బొంతల అవుతల, ఎవరో మైకుల మాట్లాడుతున్నట్టు లీలగ ఇనవడ్డది. ఒక ఆడామె గొంతు. నేను పద్మతోని అన్న, "ఆగు జర. మా వాడకట్టుల ఎవరో ఒకామె మైకు పెట్టి మరీ ఎవరినో తిడుతున్నది. గిసోంటి మనుషులుంటరు సూడు, సిగ్గు శరం లేకుంట."

అది కూడ బయటికి పోయింది. రాగంలనే.

ఫోన్ పెట్టేసి, మనసు నిమ్మలమై, నవ్వుకుంట బయటికి వచ్చిన. ఫ్యాను తిరుగుతున్నది. ఓ కరెంటు వచ్చిందా అన్న. కారప్పూస గిన్నె నేల మీద ఉన్నది, నడిమిట్ల, అందరికి అందేటట్టు. గేటు కాడ స్వప్న, చేతుల సీసాలు, మొకంల నెత్తురు లేదు. నేను వెనుకకు తిరిగి నడిమి అర్రల సూసిన. తెర ఎలుగుతున్నది. కంప్యూటర్ డబ్బకు నేను పెట్టిన బొట్టు కాడ ఎర్ర లైటు మినుకు మినుకు మంటున్నది. ఎవరూ బొత్తం ఒత్తలే. నాకు అప్పుడు ఎక్కింది.

కాళ్లు మొక్కుదామంటే వయసుల నేనే పెద్ద. మాట్లాడుదామంటే ఇప్పటిదాక మాట్లాడిందే చాలు. గోడకు ఆనుకోని నిలవడ్డ. ఆర్డర్ పోయింది అనుకున్న. పెద్దవంగర పోయింది, తొర్రూరు దాక పోయింది. నా బిడ్డ వారం రోజుల పని నేను ఒక ఫోన్‌ల ఊడ్చేసిన.

యశోదక్క లేసింది. లింగయ్య కూడ లేస్తుంటే, కూసో అన్నది. కూసున్నడు.

"స్వప్నా, ఇటు రా బిడ్డా," అన్నది. "మీ అమ్మ గొంతు నా గొంతు కన్న ముతక. అవునా, కాదా?"

స్వప్న నా దిక్కు సూసింది. నేను తల ఊపిన, అవునను అని.

"అవునత్తమ్మా."

"అది పాటా? పాట కూడ కాదు. తిట్లు. గసోంటి గొంతు, గసోంటి మాటలు, ఎంత తియ్యగ వచ్చినయ్ ఆ బాక్సుల? మరి నేను పాటే పాడ్తే ఎట్లుంటది? గదే సెట్టింగు నాకు పెట్టు. ఏం తీసెయ్యకు. ఎట్లున్నది అట్లనే." నా దిక్కు తిరిగింది. "నువ్వు లోపలికి రాకు. నీకు పనున్నది, కారప్పూస ఒడిసింది."

పోయి కూసున్నది. పాడింది. నేను వంటింట్ల పొయ్యి కాడ ఇన్న. అబద్ధం ఎందుకాడాలె, మంచిగనే వచ్చింది. బోరింగు యాడ పోయిందో, నీళ్లు మాత్రమే వచ్చినయ్. వరండాల పెండ్లికొడుకు లేసి ఎగిరిండు. యశోదక్క బయటికి వచ్చి ఇంకోపారి పెట్టిచ్చుకోని ఇన్నది, మల్ల ఇంకోపారి. పాట ఖాయం అన్నది. తన ఆడిబిడ్డ కొడుకు పెండ్లి కూడ ముంగటనే ఉన్నది, అది కూడ నువ్వే చెయ్యాలె అని స్వప్నకు చెప్పింది. నాకు కూడ ఒక మాట చెప్పింది. పెండ్లికి రావాల్నట. వచ్చి బరాత్‌ల బాక్సు పక్కన కూసోవాల్నట. పాట అయిపోయేదాక లేవద్దట.

పోయేటప్పుడు అందరు ఆటో ఎక్కినంక లింగయ్య, సీసాలు ఇస్తానికన్నట్టు వెనుకకు వచ్చిండు. మెల్లగ స్వప్న కాడికి పోయిండు. ఆ రోజంత ఆ మనిషి అక్క దిక్కు సూడకుంట మాట్లాడింది గిదొక్కటే.

"బిడ్డా, మీ అమ్మ మాట్లాడింది రికార్డ్ అయ్యిందా?"

లేదు, మైకు తెరిచి ఉన్నది గంతే, రికార్డ్ బొత్తం ఎవరు ఒత్తలే, అన్నది స్వప్న.

ఆయన సీసాలు స్వప్న చేతుల పెట్టిండు. "అయితే మంచిగుండు," అని పోయిండు.

ఇగ వాళ్లు పోయినంక అసలు పంచాయితీ. సుధాకర్‌కు ఫోన్ చేసింది స్వప్న. ఆయన, కరెంటుకు అదెట్ల ఎక్కింది, నేను పెట్టలే గదా, ఎవరు ముట్టిండ్రు అన్నడు. ఫోన్ల బొమ్మ ఉన్నది, నేను తెరల కనవడుతున్న. లైన్‌మెన్ మీద ఏద్దామనుకున్న గని, ఆయన పాపం ఆటోస్టార్టర్ పీకుమన్న మనిషి. నేనే అన్న. ఎట్ల పెట్టినవక్కా అన్నడు. చెప్పిన, డిలీట్ కొట్టుడు నుంచి ఎఫ్ పది దాక. అక్కా, నా కాడ పనికొస్తవా, అన్నడు. స్వప్న ఫోన్ గుంజుకున్నది.

ఇప్పుడు ఆ నల్ల తెరకు తాళం పడ్డది. డిలీట్ కొడితే రహస్యం మాట అడుగుతది. ఆ మాట మా బిడ్డకు ఒక్కదానికే ఎరుక. నేను వంద తీర్ల కొట్టి సూసిన, రాలే. ఆటోస్టార్టర్ తీసేసింది. మైకు అర్రల కుర్చీ కూడ తీసేసింది.

బావికాడ మోటరుకు లైన్‌మెన్ పీకేయించిండు. ఇంట్ల కంప్యూటర్‌కు బిడ్డ పీకేసింది. ఇగ మా ఇంట్ల ఆటోస్టార్టర్ మిగిలింది నా నోటికొక్కదానికే. అది కరెంటు లేకున్నా ఎక్కుతది. దాన్ని బందు పెట్టేది ఆ నల్ల తెరల ఏమన్న ఉన్నదా అని స్వప్న సుధాకర్‌ను అడిగింది. మొత్తం ఎతికిండట. లేదట.